చెన్నై తిరువాన్మియూరులో ఇంటి నాస్‌కు చిన్న క్యాబినెట్: 4 డిస్కులు, 14 అంగుళాల అర

ఉప్పుగాలి

నమస్తే అండి. ఫొటోలు, పెళ్లి వీడియోలు, రెండు ల్యాప్‌టాప్‌ల బ్యాకప్‌లు ఒకేచోట ఉండేలా ఇంట్లో నాస్ (ఇంటి నెట్‌వర్క్ మీద అందరికీ ఫైళ్లు అందించే డిస్కుల పెట్టె) కడుతున్నాను. డిస్కులు చేతిలో ఉన్నాయి. డిస్కులు, బోర్డు పట్టే క్యాబినెట్ దగ్గరే ఆగిపోయాను.

డిస్కులు ఇవీ: 8 టీబీ డబ్ల్యూడీ రెడ్ ప్లస్ రెండు, ఎక్స్‌టర్నల్ డ్రైవుల డొక్క విప్పి తీసిన 8 టీబీ తెల్ల లేబుల్ డబ్ల్యూడీలు రెండు. నాలుగూ మూడున్నర అంగుళాలవే. బూట్‌కి ఎం.2 ఎస్ఎస్‌డీ. బోర్డు ఇంకా కొనలేదు. మినీ ఐటీఎక్స్‌లో (చిన్న సైజు మదర్‌బోర్డు) ఎన్100 ప్రాసెసర్ బోర్డు గానీ, ఐ3-12100 ప్రాసెసర్‌తో హెచ్610 బోర్డు గానీ అనుకుంటున్నా. ట్రూనాస్ (నాస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వేసి నాలుగింటినీ రెయిడ్-జడ్1లో (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే ఏర్పాటు) పెట్టాలని ఆలోచన.

పెట్టే చోటు హాల్లో టీవీ యూనిట్ కింది అర. లోపలి కొలతలు: వెడల్పు 18 అంగుళాలు, ఎత్తు 12, లోతు 14. వెనక ప్లైవుడ్ పలక, ముందు గాజు తలుపు. ఇంటి నుంచి సముద్రం నడిచి వెళ్లేంత దూరం. హాల్లో ఏసీ లేదు, కత్తిరి ఎండల్లో గది 35 డిగ్రీలు దాటుతుంది.

ఇప్పటిదాకా చూసినవి ఫ్రాక్టల్ నోడ్ 304, జాన్స్‌బో ఎన్2, ఎన్3. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో అడిగితే గాజు పలకల గేమింగ్ క్యాబినెట్లే చూపిస్తున్నారు, కాబట్టి ఏదైనా ఆర్డర్ పెట్టి తెప్పించుకోవాల్సిందే. తిప్పి పంపడం కష్టం, అందుకే ముందే అడుగుతున్నా. ఎలాగూ కొంటున్నాం కదా, 8 బేలు (డిస్కు పెట్టే గూళ్లు) ఉన్న ఎన్3 తీసుకుంటే పోతుందా? డిస్కులు కాక బడ్జెట్ 40 వేలు.

ఎస్పీరోడ్డు

బేల లెక్క తర్వాత చూద్దాం, ముందు టేపు తీయండి. మీ అర లోతు 14 అంగుళాలు, అంటే 355 మి.మీ. దాంట్లోంచి వెనక కేబుళ్లకు ఎంత పోతుందో ఎవరూ లెక్కేయరు. ఎస్ఎంపీఎస్‌కు (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) పెట్టే మామూలు పవర్ కార్డు తల, దాని వెనక వైరు వంపు కలిపి 60 నుంచి 65 మి.మీ. తింటాయి. ల్యాన్ కేబుల్‌కు 40 చాలు. ఎల్ ఆకారపు కార్డు దొరికితే పవర్ కూడా 35 దగ్గర సర్దుకుంటుంది.

ఇప్పుడు మీ మూడింటినీ ఈ లెక్కలో పెట్టండి. నోడ్ 304 వెడల్పు 250, ఎత్తు 210, లోతు 374. కేబుల్ దాకా ఎందుకు, క్యాబినెట్టే పట్టదు. అడ్డంగా తిప్పితే పడుతుంది గానీ అప్పుడు దాని ముందు ఫ్యాన్లు అర పక్కచెక్కను చూస్తూ కూర్చుంటాయి. ఎన్3 లోతు 298, వెనక మిగిలేది 57. మామూలు కార్డు పెడితే గాజు తలుపు పడదు. ఎల్ కార్డుతో పడుతుంది, కానీ డిస్కుల వేడి లాగే రెండు 100 మి.మీ. ఫ్యాన్లూ వెనకే ఉంటాయి, అవి ఊదేది నేరుగా ప్లైవుడ్ మీదికి. ఎన్2 అటూఇటూ 222.5, ఎత్తు 224. లోతులో 130 మి.మీ.కు పైగా మిగులుతుంది. ముందు 50, వెనక 80 వదలొచ్చు.

అంటే మీ అర ఇప్పటికే ఎన్2ని ఎంచేసింది. అయినా గాలి విషయం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చెన్నైలో అసలు కష్టం అక్కడే.

మూడున్నర అంగుళాల డిస్కు తిరుగుతూ ఊరికే ఉన్నప్పుడు 4-5 వాట్లు, పని చేసేటప్పుడు 6-8 వాట్లు లాగుతుంది. నాలుగైదు డిస్కులంటే 30 వాట్లు అనుకోండి. ఎంత గాలి కావాలో తేల్చడానికి ఒక చిన్న సూత్రం ఉంది: వాట్లను 1.76తో గుణించి, గాలి ఎన్ని డిగ్రీలు వేడెక్కినా ఫర్వాలేదనుకుంటామో ఆ సంఖ్యతో భాగిస్తే సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలో) వస్తుంది. 5 డిగ్రీలు అనుకుంటే 30 × 1.76 / 5, దాదాపు 10.5 సీఎఫ్ఎం. చాలా తక్కువ. నెమ్మదిగా తిరిగే 120 మి.మీ. ఫ్యాను కూడా దీనికి మించే ఇస్తుంది. కానీ ఆ పది సీఎఫ్ఎమ్మూ డిస్కుల మధ్య సందుల్లోంచే వెళ్లాలి. గాలి సోమరిది, ఎటు సులువైతే అటు పోతుంది. డిస్కుల పక్కన రెండు వేళ్ల ఖాళీ ఉంటే అందులోంచి జారుకుంటుంది, మధ్య డిస్కు ఉడుకుతుంది. సిల్వర్‌స్టోన్ డీఎస్380 అని 8 బేల క్యాబినెట్ ఒకటి ఉంది. చూడ్డానికి చక్కగా ఉంటుంది, కానీ డిస్కుల బోను పక్క నుంచి గాలి తప్పించుకుపోతుంది. వాడేవాళ్లు చాలామంది లోపల అట్టముక్క అడ్డం కట్టుకుని సరిచేసుకున్నారు.

ఎన్2లో డిస్కులు కింద నిలువుగా నిలబడతాయి. వాటి వెనక బ్యాక్‌ప్లేన్ అనే పచ్చబోర్డు, దాని వెనక 120 మి.మీ. ఫ్యాను. ఫ్యాను బ్యాక్‌ప్లేన్‌లోని కంతల గుండా గాలిని లాగాలి. అందుకని ఇక్కడ ఫ్యాను ఎంత గాలి తోస్తుందన్నదానికంటే అడ్డం ఉన్నప్పుడు ఎంత గట్టిగా లాగుతుందన్నదే లెక్క. పెట్టెతో వచ్చేది 15 మి.మీ. సన్న ఫ్యాను. మార్చాలనుకుంటే నాక్టువా ఎన్ఎఫ్-ఏ12ఎక్స్15 అదే మందం, నాలుగు పిన్నులది. 25 మి.మీ. ఫ్యాను తెచ్చే ముందు లోపల స్కేలు పెట్టి చూసుకోండి.

బేల సంగతి. నాలుగు డిస్కులకు ఎన్2లోని ఐదు బేలు సరిగ్గా సరిపోతాయి. ఐదోదాన్ని ఖాళీగా ఉంచండి. ఒక డిస్కు చావుకు దగ్గరపడితే దాన్ని పీకకుండానే కొత్తది ఖాళీ బేలో పెట్టి రీప్లేస్ నడిపించొచ్చు. పాతది బతికున్నంతసేపు అదీ చదవడానికి సాయపడుతుంది, రెయిడ్-జడ్1లో రెండో డిస్కు కూడా మొరాయిస్తే అదే మిమ్మల్ని కాపాడుతుంది. ఇంకో లాభం, 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జడ్ఎఫ్ఎస్ (రెయిడ్-జడ్‌ను నడిపే ఫైల్ సిస్టమ్) 2.3 నుంచి రెయిడ్-జడ్‌కు ఒక్కొక్క డిస్కే కలుపుకుంటూ పెంచుకునే వీలుంది. ట్రూనాస్‌లో 24.10 నుంచే ఉంది.

బోర్డు: హెచ్610 చిప్‌సెట్‌లో సాటా (డిస్కులు తగిలించే) పోర్టులు గరిష్ఠంగా 4. ఐదో డిస్కుకు కార్డు కావాలి, ఎన్2లో సగం ఎత్తు కార్డే పడుతుంది. ఏఎస్ఎం1166 చిప్ ఉన్న 6 పోర్టుల కార్డు తీసుకోండి. పోర్ట్ మల్టిప్లయర్‌తో (ఒక పోర్టును చాలా డిస్కులకు పంచే చిప్) సాగదీసిన చవక కార్డులు జడ్ఎఫ్ఎస్‌కు వద్దు. ఒక డిస్కు తడబడితే మొత్తం గుంపు ఒకేసారి మాయమవుతుంది. ఎన్100 వైపు వెళ్తే బోర్డు పేరు చూసి మోసపోకండి. ఏసస్ ప్రైమ్ ఎన్100ఐ-డీ డీ4 మీద ఉన్నది ఒక్క సాటా పోర్టే. ఏఎస్‌రాక్ ఎన్100డీసీ-ఐటీఎక్స్ మీద రెండు, అది 19 వోల్టుల అడాప్టర్ మీద నడిచే బోర్డు, ఐదు డిస్కుల బ్యాక్‌ప్లేన్‌కు అది పనికిరాదు. 6 సాటాలున్న చైనా నాస్ బోర్డులే కావాలి. 2020 నవంబరులో అలీఎక్స్‌ప్రెస్‌ను మన దేశంలో నిషేధించాక అవి ఇక్కడి అమ్మకందారుల ద్వారా మాత్రమే వస్తున్నాయి, వారంటీ ఎవరిదో బిల్లు మీద రాయించుకోండి.

ఐ3-12100తో వచ్చే ఇంటెల్ కూలర్ ఎత్తు 47 మి.మీ. ఎన్2 అనుమతించేది 65. కూలర్ విడిగా కొనక్కర్లేదు.

పాతటవర్

అందరూ డబ్బా డబ్బా అంటారు గానీ, టీవీ యూనిట్ పక్కన నేల మీద ఒక అడుగు చోటుంటే పాతకాలం మిడ్ టవర్ క్యాబినెట్టే మేలు. ఐదుంబావు అంగుళాల బేలు మూడు ఒకదాని కింద ఒకటి ఉన్నది వెతకండి, సీడీ డ్రైవుల కాలంవి సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. ఆ మూడు బేల చోట్లో ఐదు డిస్కులు పట్టే బోను పడుతుంది, దానికి ముందు ఫ్యాను ఉంటుంది, గాలి నేరుగా డిస్కుల మీదే. మామూలు ఏటీఎక్స్ ఎస్ఎంపీఎస్ సరిపోతుంది, చిన్న సైజు ఎస్ఎఫ్ఎక్స్ కోసం అదనంగా పెట్టనక్కర్లేదు. పూర్తి సైజు బోర్డులో ఆరు సాటాలు దొరుకుతాయి, కార్డు ఖర్చూ తప్పుతుంది. చేయి దూరుతుంది, కేబుల్ మెడ విరగదు. చిన్నది కావాలన్న ముచ్చటకు ప్రతి మెట్టు దగ్గరా కప్పం కట్టాలి.

పన్నెండువోల్టులు

పాతటవర్ గారి మాటలో నిజం ఉంది. అయినా ఎన్2కే వెళ్తే, కరెంటు వైపు తప్పులు జరిగే చోట్లు చెబుతాను. డిస్కులు పోవడానికి క్యాబినెట్ వేడి కంటే ఇవే ఎక్కువ కారణం.

ఎన్2కు ఎస్ఎఫ్ఎక్స్ ఎస్ఎంపీఎస్ కావాలి: 125 × 63.5 × 100 మి.మీ. ఎస్ఎఫ్ఎక్స్-ఎల్ అని రాసి ఉంటే లోతు 130, అది వద్దు. 30 మి.మీ. తేడాయే గదా అనిపిస్తుంది, కానీ కేబుళ్లు మడిచే చోటు మొత్తం అదే. ఎన్ని వాట్లన్నది డిస్కు ఊరికే ఉన్నప్పటి లెక్కతో తేల్చకండి, లేచేటప్పటి లెక్కతో తేల్చండి. ఆగి ఉన్న డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు కొన్ని సెకన్లు 12 వోల్టుల తీగ మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. ఐదు డిస్కులు ఒకేసారి లేస్తే 10 ఆంపియర్లు, 120 వాట్లు. బోర్డు, ప్రాసెసర్ కలుపుకున్నా 200 లోపే. 300 వాట్లది చాలు, మార్కెట్లో సులువుగా దొరికేది 450. చేతి వేలంత ఉండే పికో ఎస్ఎంపీఎస్‌ల జోలికి వెళ్లొద్దు. లేచే క్షణంలో వోల్టేజీ కుంగి డిస్కులు టిక్కుమని మళ్లీ మొదటికి వస్తాయి.

బ్యాక్‌ప్లేన్ మీద ఎన్ని పవర్ సాకెట్లుంటే అన్నిటికీ కరెంటు ఇవ్వండి, వీలైతే వేర్వేరు కేబుళ్ల నుంచి. ఒక్కటి పెట్టినా డిస్కులు లేస్తాయి, అక్కడే అందరూ బోల్తా పడతారు. సాటా పవర్ తలలో 12 వోల్టులకు మూడు పిన్నులు, పిన్నుకు 1.5 ఆంపియర్, మొత్తం 4.5. పది ఆంపియర్లు దాని గుండా పంపితే తల వేడెక్కి కరుగుతుంది. పెద్ద నాలుగు పిన్నుల మోలెక్స్ దీనికి చాలా మెరుగు.

మోలెక్స్ నుంచి సాటాకు మార్చే చవక అడాప్టర్లలో ప్లాస్టిక్ పోత పోసి మూసేసినవి ఉంటాయి. లోపల తీగలు వంకరై ఒకదానికొకటి తగిలి కాలిపోయేవి అవే. వెనక మూత తీస్తే తీగలు విడివిడిగా గాట్లలో కూర్చుని కనబడే రకమే కొనండి.

మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ కేబుళ్లు ఆ ఎస్ఎంపీఎస్‌తో వచ్చినవే వాడాలి. డిస్కు వైపు తల అందరిదీ ఒకటే, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకం, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కో రకం. పాత కేబుల్ చక్కగా దూరుతుంది, 5 వోల్టుల చోట 12 వోల్టులు వెళ్తాయి, స్విచ్ వేసిన క్షణంలో నాలుగు డిస్కులూ పోతాయి. రెయిడ్ దీనికి అడ్డుపడదు.

ఇక మీ తెల్ల లేబుల్ డిస్కులు. వాటిలో చాలావాటికి పవర్ తలలో మూడో పిన్ను మీద 3.3 వోల్టులు వస్తే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. లక్షణం ఏమిటంటే డిస్కు అసలు తిరగదు, బయోస్‌కు కనబడదు, చచ్చిపోయిందనుకుంటాం. మోలెక్స్‌లో 3.3 వోల్టుల తీగే లేదు కాబట్టి బ్యాక్‌ప్లేన్‌కు మోలెక్స్ నుంచే ఇస్తే ఈ తంటా రాదు. సాటా తల ద్వారా ఇచ్చినప్పుడు వస్తే, డిస్కు పవర్ పిన్నుల్లో డేటా పిన్నుల వైపు నుంచి లెక్కపెట్టి మొదటి మూడింటి మీద సన్నని కాప్టన్ టేపు ముక్క అతికించండి. ఆ మూడూ డిస్కుకు అక్కర్లేదు. సెల్లో టేపు వద్దు. వేడికి జిగురు కారి బ్యాక్‌ప్లేన్ సాకెట్‌లోకి పోతుంది.

ఉప్పుగాలి

ఇద్దరికీ, పాతటవర్ గారికీ ధన్యవాదాలు. నేల మీద చోటు లేదండి, ఆ మూల చెప్పుల స్టాండుది. ఎన్2 ఖాయం చేశాను, బోర్డు 6 సాటాల ఎన్100.

మూడు సందేహాలు మిగిలాయి. ఒకటి, ఫ్యాను వేగం దేన్ని బట్టి మారుతుంది? రెండు, ఇంటికి ఇన్వర్టర్ ఉంది, విడిగా యూపీఎస్ అవసరమా? మూడు, ఈ ఉప్పు గాలి. ఇంట్లో కొత్త తలుపు బందులు కూడా ఏడాదికే తుప్పు పడుతున్నాయి.

ఎస్పీరోడ్డు

మొదటిది మంచి ప్రశ్న. నాస్‌లో డిస్కులు కాగడానికి సగం కారణం ఇదే. బోర్డు మీది ఫ్యాన్ హెడర్ (ఫ్యాను తగిలించే పిన్నులు) చూసేది ప్రాసెసర్ వేడిని. ఎన్100 6 వాట్ల చిప్, ఎప్పుడూ చల్లగా కూర్చుంటుంది. అది చల్లగా ఉందని బోర్డు ఫ్యాన్‌ను నిద్రపుచ్చుతుంది, కింద నాలుగు డిస్కులు స్క్రబ్ (డేటా అంతా చదివి సరిచూసే పని) నడుస్తూ 50 దాటుతున్నా దానికి తెలియదు.

సులువైన దారి: బయోస్‌లో ఆ హెడర్‌కు కనీస వేగం 60 శాతం పెట్టి వదిలేయండి. 120 మి.మీ. ఫ్యాను ఆ వేగంలో, అర లోపల, సీలింగ్ ఫ్యాను తిరుగుతున్న హాల్లో వినబడదు. ఇంకాస్త శుభ్రంగా కావాలంటే లినక్స్ కెర్నల్ 5.6 నుంచి డ్రైవ్‌టెంప్ అనే మాడ్యూల్ ఉంది. అది డిస్కు వేడిని మిగతా సెన్సర్ల వరసలో చూపిస్తుంది, స్క్రిప్టుతో ఫ్యాన్‌కు ముడిపెట్టొచ్చు. ఒక చిక్కుంది. కొన్ని డిస్కులు వేడి అడిగిన ప్రతిసారీ నిద్రపోయే గడియారాన్ని మొదటి నుంచి మొదలెడతాయి. డిస్కులను రాత్రి ఆపే అలవాటుంటే అడగడం మధ్య ఎడం పెంచండి.

ఎంత వేడి మంచిదో ఒక్క అంకెలో చెప్పలేం. కంపెనీలు 60-65 దాకా సరే అంటాయి. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల లెక్కలు తీసి చూస్తే, మధ్యరకం వేడికీ డిస్కు చావుకీ అనుకున్నంత సంబంధం కనబడలేదు, బాగా వేడెక్కిన చోట, అదీ వయసు మీరిన డిస్కుల్లో మాత్రం తేడా కనబడింది. కాబట్టి 38 కావాలా 40 కావాలా అని ప్రాణం తీసుకోనక్కర్లేదు. గదికీ డిస్కుకూ తేడా చూడండి. 10 డిగ్రీల లోపుంటే గాలి దారి బాగున్నట్టు. మే నెలలో గది 35 ఉంటే డిస్కు 45 అవుతుంది, దానికి ఏ క్యాబినెట్టూ ఏమీ చేయలేదు. జనవరిలో గది 26 ఉన్నప్పుడు డిస్కు 42 చూపిస్తే మాత్రం అప్పుడే సరిచేయండి. మే వచ్చేదాకా ఆగొద్దు.

గాలి దారి కళ్లతో చూడాలంటే అగరుబత్తి చాలు. క్యాబినెట్ అరలో కూర్చోబెట్టి, ఫ్యాను నడుస్తుండగా డిస్కుల ముందు జానెడు దూరంలో పొగ పట్టండి. నుసి లోపలికి పోనంత దూరంలోనే. పొగ తీగలా సాగి డిస్కుల సందుల్లోకి వెళ్తే సరే. పైకి తేలిపోతే, లేక మదర్‌బోర్డు అరలోకి పోతే, గాలి అక్కడి కంతల నుంచి దొంగతనంగా వస్తోందన్నమాట. ఖాళీ ఐదో బేను అట్టముక్కతో మూసి మళ్లీ చూడండి. ఒక బే ఖాళీగా ఉంటే గాలంతా ఆ సందులోంచే పోతుంది, దాన్ని మూయడం చాలామంది మర్చిపోతారు.

తర్వాత ఎన్2 ముందు మూత ఉన్నప్పుడూ తీసేసీ, అరగంట చొప్పున డిస్కు వేడి రాసుకోండి. తేడా రెండు మూడు డిగ్రీలు దాటితే మే, జూన్ నెలలు మూత తీసే ఉంచండి. అందం తగ్గుతుంది, అంతే.

గాజు తలుపు తీసేయండి. వెనక ప్లైవుడ్‌కు ఫ్యాను ఎదురుగా 110 మి.మీ. గుండ్రం కోయించండి. గది తలుపుల తాళాలకు వాడే బిళ్ల రంపం వడ్రంగి దగ్గర ఉంటుంది, ఆ సైజు లేకపోతే 65 మి.మీ. కంతలు పక్కపక్కనే మూడు పెట్టించినా దాదాపు అంతే గాలి వెళ్తుంది. యూనిట్ గోడకు ఆనుకుని ఉంటే కంత వల్ల లాభం లేదు, రెండు అంగుళాలు ముందుకు జరపండి.

కట్టేటప్పుడు ఒక్కటే జాగ్రత్త, సాటా కేబుళ్లు. బ్యాక్‌ప్లేన్ నుంచి బోర్డుకు ఐదు కేబుళ్లు ఇరుకు సందులో మెలితిరుగుతాయి. చదునైన మందపాటివి కాకుండా సన్నని గుండ్రటివి, 40-50 సెం.మీ.వి తీసుకోండి. ఏ కేబుల్ ఏ బేదో బ్యాక్‌ప్లేన్ వైపూ బోర్డు వైపూ రెండు చోట్లా చీటీ అంటించండి, డిస్కు సీరియల్ నంబర్ చివరి నాలుగు అక్షరాలు బే ముందు రాయండి. రెండేళ్లకు ఒక డిస్కు పోయిన రోజు బతికున్నదాన్ని పీకకుండా ఉంటారు. కేబుల్ గట్టిగా వంగితే స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే పట్టిక) 199వ వరస, సీఆర్సీ తప్పుల లెక్క పెరుగుతుంది. అది డిస్కు జబ్బు కాదు, కేబుల్‌ది. ఒకసారి పెరిగిన అంకె తగ్గదు కాబట్టి కేబుల్ మార్చాక ఇంకా పెరుగుతోందా అన్నదే చూడాలి. 5, 197 వరసలు కదిలితే మాత్రం డిస్కుదే తప్పు.

పన్నెండువోల్టులు

ఇన్వర్టర్ గురించి. కరెంటు పోయాక ఇన్వర్టర్ అందుకునే లోపు ఎస్ఎంపీఎస్ తన కెపాసిటర్లలో ఉన్నదానితో నెట్టుకురావాలి. ఏటీఎక్స్ ప్రమాణం నిండు బరువు మీద 16-17 మిల్లీసెకన్లు ఆగమంటుంది. మీ నాస్ లాగేది దాని సామర్థ్యంలో పదో వంతే కాబట్టి ఇంకాస్త ఎక్కువే ఆగుతుంది. ఇంటి ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే దాన్ని అటు తిప్పండి, మార్పిడి పది మిల్లీసెకన్ల చుట్టుపక్కలకు వస్తుంది. మామూలు మోడ్‌లో అంతకు కొన్ని రెట్లు పడుతుంది, అప్పుడప్పుడు నాస్ రీబూట్ అవుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఈ పనికి వాడకండి.

కానీ ఇన్వర్టర్‌కు నాస్‌తో మాట్లాడే దారి లేదు. బ్యాటరీ అయిపోతోందని చెప్పదు, ఒక్కసారిగా చేయి వదిలేస్తుంది. అందుకని ఇన్వర్టర్ లైను మీదే 600 వీఏ చిన్న యూపీఎస్ ఒకటి, కొనేటప్పుడు యూఎస్‌బీ డేటా పోర్టు ఉందో లేదో చూసి. అదే కంపెనీ అదే సైజులో పోర్టు లేనిదీ అమ్ముతుంది. లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ కాగితం మీద 84 వాట్-అవర్లు. సగానికంటే తక్కువే చేతికొస్తుందనుకోండి, 60 వాట్ల నాస్‌కు అరగంట. ట్రూనాస్‌లో యూపీఎస్ సర్వీసు ఆన్ చేసి, బ్యాటరీ మీదికి వెళ్లిన 5 నిమిషాలకు షట్‌డౌన్ అయ్యేలా పెట్టండి. రౌటర్‌ను కూడా దాని మీదే ఉంచండి.

బిల్లు సంగతి ఎవరూ అడగలేదు గానీ చెప్పేస్తా. రోజంతా సగటున 40 వాట్లు అంటే రోజుకు ఒక యూనిట్‌కు కాస్త తక్కువ, రెండు నెలల బిల్లులో 58 యూనిట్లు. తమిళనాడులో రెండు నెలలకు ఉచితమిచ్చే 100 యూనిట్లలో సగానికి పైగా ఇదే తింటుంది.

నీలాంకరై

ఉప్పు గాలికి నా జవాబు: ఆపకుండా నడపండి. నడిచే డిస్కు గది కంటే వెచ్చగా ఉంటుంది, దాని మీద తేమ పట్టదు. ప్రమాదం ఆపి ఉంచిన పెట్టెకే. చెన్నైలో వానలకు ముందు నెలల్లో గాలిలో తేమ ఎంతుంటుందంటే 26 డిగ్రీల వస్తువు మీద కూడా నీరు పడుతుంది. ఏసీ గదిలో 24కు చల్లబడిన డిస్కును బయటి గాలిలో పెడితే సోడా సీసాలా చెమర్చుతుంది. అలా చెమర్చిన చోటే ఉప్పు కరిగి పిన్నుల్ని కొరుకుతుంది. ఏసీ గది నుంచి హాల్లోకి డిస్కు మార్చాల్సి వస్తే ప్లాస్టిక్ సంచిలో మూసి రెండు మూడు గంటలు ఉంచి, గది వేడికి వచ్చాక తెరవండి.

క్యాబినెట్ ఉక్కుకు పెయింట్ ఉన్నంతవరకు భయం లేదు. గీతలు పడ్డ అంచులు, స్క్రూ తలలు ముందు తుప్పు పడతాయి. డిస్కుకు వాడే స్క్రూలు 6-32 రకం, చిన్న ఎస్ఎస్‌డీలవి ఎం3. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఎం3ని డిస్కులో తిప్పితే మర పోతుంది. స్టెయిన్‌లెస్ 6-32వి ఇరవై తీసి పెట్టుకోండి.

హీలియం నింపని డిస్కుల మీద చిన్న కన్నం, పక్కన దీన్ని మూయొద్దు అని రాసి ఉంటుంది. రబ్బరు ముక్కలు, చీటీలు అంటించేటప్పుడు దాని మీద పడకుండా చూడండి. ఫ్యాను ఒక్కటే, అదీ బయటికి లాగేది కాబట్టి దుమ్ము ప్రతి సందులోంచీ లోపలికి వస్తుంది. ముందు వల నెలకోసారి తీసి దులపండి, తడిగుడ్డతో తుడిస్తే బాగా ఆరాకే పెట్టండి.

ఉప్పుగాలి

చాలా స్పష్టంగా ఉంది. ఎల్ కార్డు, కాప్టన్ టేపు, 6-32 స్క్రూలు రిచీ స్ట్రీట్ చీటీలో రాసుకున్నాను. వడ్రంగి ఆదివారం వస్తానన్నాడు.

చివరిది. తెల్ల లేబుల్ డిస్కుల్లో ఒకదాని నిండా పాత ఫొటోలున్నాయి, దాదాపు 6 టీబీ. వాటికి వేరే కాపీ లేదు. నాలుగింటినీ ఒకేసారి పూల్‌లో (డిస్కులన్నీ కలిపిన ఒకే నిల్వ) పెడితే అవి పోతాయి కదా?

ఎస్పీరోడ్డు

పోతాయి. ఆ డిస్కును పక్కన పెట్టి మిగతా మూడింటితో మొదలెట్టండి.

ముందు ఖాళీ డిస్కులు మూడింటినీ క్యాబినెట్‌లో పెట్టి బ్యాడ్‌బ్లాక్స్ అనే ప్రోగ్రాంతో రాసి చదివే పరీక్ష నడపండి. 8 టీబీ డిస్కు మీద సెకనుకు సగటున 180 ఎంబీ అనుకుంటే ఒక్క దఫా 12 గంటలకు పైగా. నాలుగు నమూనాలు, ప్రతిదీ రాయడం చదవడం, మొత్తం ఎనిమిది దఫాలు, నాలుగు రోజులు. మూడింటినీ ఒకేసారి నడిపితే అదే మీ వేడి పరీక్ష కూడా. మూడూ పక్కపక్క బేల్లోనే ఉంచి, మధ్య డిస్కు అంకె రాసుకోండి. ఫొటోల డిస్కు ఆ నాలుగు రోజులూ క్యాబినెట్‌లో ఉండకూడదు, బీరువాలో ఉండాలి. ఆ పరీక్ష డిస్కు మీద ఉన్నదంతా తుడిచేస్తుంది, డిస్కు పేరు ఎస్‌డీబీ అని కొట్టబోయి ఎస్‌డీసీ అని కొడితే అడిగే నాథుడు లేడు.

పరీక్ష నెగ్గాక మూడింటితో రెయిడ్-జడ్1 కట్టండి, 16 టీబీ చోటు వస్తుంది. ఫొటోల డిస్కును యూఎస్‌బీ డాకులో పెట్టి చదవడానికి మాత్రమే మౌంట్ చేసి కాపీ చేయండి. కాపీ అయ్యాక ఆర్‌సింక్‌ను (ఫైళ్లు పోల్చి కాపీ చేసే ప్రోగ్రాం) చెక్‌సమ్ ఆప్షన్‌తో ఇంకోసారి నడిపి, ఒక్క ఫైలు కూడా తేడా చూపకపోతేనే ముందుకు వెళ్లండి. ఒక స్క్రబ్ కూడా నడపండి. మీకు మరీ కావలసిన ఫొటోలు ఒకటి రెండు టీబీలైనా విడిగా ఇంకో డిస్కులోకి ఈ దశలోనే తీసి పెట్టుకోండి, ఎందుకంటే తర్వాతి అడుగులో పాత కాపీ ఉండదు.

అప్పుడు నాలుగో డిస్కును పరీక్షించి, క్యాబినెట్‌లో పెట్టి, పూల్‌లో ఆ వీడెవ్ (మూడు డిస్కుల గుంపు) దగ్గర ఎక్స్‌టెండ్ నొక్కండి. గంటలు కాదు, రోజు పైనే పట్టొచ్చు, మధ్యలో రీబూట్ అయినా ఆగిన చోటి నుంచి సాగుతుంది. అయ్యాక ఖాళీ చోటు మీరు లెక్కేసుకున్న 24 టీబీ కంటే తక్కువ చూపిస్తుంది, కంగారు పడకండి. ముందే రాసిన ఫైళ్లు పాత మూడు డిస్కుల నిష్పత్తిలోనే ఉంటాయి, పైగా ఖాళీ లెక్క కూడా ఆ నిష్పత్తితోనే వేస్తుంది. ఫొటోల ఫోల్డర్‌ను కొత్త డేటాసెట్‌లోకి కాపీ చేసి పాతదాన్ని తీసేస్తే అవి కొత్త నిష్పత్తికి మారి కొంత చోటు వెనక్కి వస్తుంది. స్నాప్‌షాట్లు (ఫైళ్ల పాత స్థితిని పట్టి ఉంచేవి) ఉంటే ముందు వాటిని తీసేయాలి, లేకపోతే పాత బ్లాకులు అలాగే పడి ఉంటాయి.